గంటోడి ఇంటికి వెళ్ళు, స్టేజీ సంగతి తర్వాత

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 45 ఏళ్ళు. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర ఒక పల్లె, పెళ్ళయ్యాక బెంగళూరులో ఉండిపోయాం. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో మాది 1995-96 టెన్త్ బ్యాచ్, మొత్తం 62 మందిమి. మొన్న అక్టోబరులో మా క్లాస్‌మేట్ ఒకతను గుండెపోటుతో పోయాడు. చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలేవాడు. బళ్ళో గంట కొట్టే పని అతనిదే, అందుకని అందరం గంటోడు అనేవాళ్ళం. పేరు వెయ్యొద్దు. వాట్సాప్ గ్రూపులో దండేసిన ఫోటో పెట్టారు, గంటలోపు అందరూ ఓం శాంతి అన్నారు, తెల్లారేసరికి మళ్ళీ గుడ్ మార్నింగ్ పూలు మొదలయ్యాయి. నాకు మాత్రం ఏడుపు ఆగట్లేదు. కూరగాయలు తరుగుతూ కూడా ఏడుస్తున్నా. నిజానికి టెన్త్ అయ్యాక అతనితో మాట్లాడిందే లేదు. పోయినేడు నా పుట్టినరోజుకి గ్రూపులో 'హ్యాపీ బర్త్‌డే మేడం' అని పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి ఊరుకున్నా. అదే గుచ్చుకుంటోంది. మా ఆయన "30 ఏళ్ళు మాట్లాడని మనిషికి ఇంత ఏడుపేంటి" అన్నారు, కోపంగా కాదు, అర్థంకాక. కనుమ రోజు బళ్ళో మా బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం ఉంది. అతని ఫోటోతో ఫ్లెక్సీ, రెండు నిమిషాలు మౌనం, అతని భార్యని స్టేజీ మీదకి పిలిచి లక్ష రూపాయల చెక్కు అనుకున్నారు. నేను క్లాస్ ఫస్టు కాబట్టి నన్నే మాట్లాడమంటున్నారు. ఏం మాట్లాడను? అసలా హక్కు నాకుందా? వాళ్ళమ్మ ఊళ్ళోనే ఉంది. వెళ్ళి పలకరించాలని ఉంది కానీ జనం ఏమనుకుంటారో అని భయం. మా బ్యాచ్‌లో ఇప్పటికి ఐదుగురు పోయారు. ఇంకో మాట, పొగాకు సీజన్లో అతను రాత్రిళ్ళు మా నాన్న బ్యారన్ దగ్గర పనిచేసేవాడు.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నేనూ ఆ బొటనవేలు దగ్గరే ఆగాను, పాపం అనుకున్నాను. రెండోసారి ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళలో చాలామంది అసలు సంగతిని "ఇంకో మాట" అన్నాకే రాస్తారు. డాక్టరు దగ్గర మోకాలి నొప్పి గురించి అరగంట చెప్పి, లేచి తలుపు దాకా పోయి, అప్పుడు "ఛాతీలో కూడా కొంచెం పట్టేసినట్టుంటోందండీ" అంటారు చూడు, అట్లా. అందుకని నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతా.

ముందు ఆ బొటనవేలు సంగతి తేల్చేద్దాం. అది ఏమీ కాదు. 62 మంది గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలకి ఎవరైనా అంతకంటే ఏం పెడతారు? అతను చూసుకుని ఫోన్ జేబులో పెట్టేసుకుని లారీ స్టార్ట్ చేసుంటాడు. మూడు నెలలుగా నువ్వు దాన్నే పట్టుకుని ఏడుస్తున్నావంటే, అది పట్టుకోడానికి తేలిగ్గా ఉంది కాబట్టి. నాకు గుచ్చుకున్నది బొటనవేలు కాదు, ఒకే బెంచీల మీద చదువుకున్న మనిషి నిన్ను 'మేడం' అనడం. నీకూ అదే గుచ్చుకుని ఉంటుందని నా అనుమానం.

బ్యారన్ అంటే ఏంటో నాకు తెలుసు. మా అమ్మ పుట్టిల్లు కొండపి వైపు, చిన్నప్పుడు సంక్రాంతి సెలవులన్నీ ఆ మట్టిగోడల మధ్యే గడిచాయి. బయట ఊళ్ళవాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నా. ఆకు కోసుకొచ్చి కర్రలకి కట్టి, ఆ కర్రల్ని బ్యారన్ లోపల అరలరలుగా కింది నుంచి పైదాకా వేలాడదీసి, తలుపు మూసి, కింద పొయ్యి రాజేస్తారు. ఆ వేడి లోపల పరిచిన గొట్టాల్లోంచి పోతుంది. ఇక ఐదారు రోజులు ఆ మంట ఆరకూడదు, ఎగదన్నకూడదు. ముందు సన్నటి వేడి మీద ఆకు పసుపు తిరగాలి, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి ఆకు ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్క పూట మంట ఎక్కువైతే రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. ఎండిన ఆకు ఒకటి రాలి వేడి గొట్టం మీద పడిందంటే మొత్తం బ్యారనే తగలబడొచ్చు. అందుకని రాత్రంతా ఒక మనిషి కన్నార్పకుండా కూచోవాలి, చిన్న కిటికీలోంచి థర్మామీటర్ చూసుకుంటూ, కట్టెలు ఎగదోస్తూ.

ఇదంతా జనవరి నుంచి మార్చి దాకా. టెన్త్ పరీక్షలు ఎప్పుడు? మార్చిలో.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది ఊహ, తప్పైతే కొట్టిపారెయ్. పదిహేనేళ్ళ పిల్లోడు రాత్రంతా మీ నాన్న బ్యారన్ దగ్గర మేలుకుని పొద్దున్నే వచ్చి మొదటి గంట కొట్టేవాడు. రెండో పీరియడ్‌కల్లా తల వాలిపోయేది. చేతులకి ఆ నల్లటి జిగురు, పచ్చాకు పట్టుకున్న చేతులకి అంటుకునేది, ఎంత కడిగినా వదలదు, లెక్కల పుస్తకానికీ నోటుబుక్కుకీ కూడా అంటుకుంటుంది. సారు "ఏరా, రాత్రంతా ఏం వెలగబెట్టావు" అని బెత్తం తీసేవాడు. క్లాసంతా నవ్వేది. అతను రాత్రంతా వెలగబెట్టిందేంటో ముందు బెంచీలో కూచున్న నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు తల దించుకుని పుస్తకంలోకి చూసేదానివి.

ఇట్లా జరగలేదంటే చాలా సంతోషం. కానీ ఏదో ఇట్లాంటిదే ఉందని అనుకుంటున్నా, ఎందుకంటే ఉత్తి క్లాస్‌మేట్ పోతే వారం రోజులు దిగులుగా ఉంటుంది, "మన వయసే కదా" అని గుండెల్లో గుబులు పుడుతుంది, షుగరు, బీపీ చూపించుకుంటాం, అంతటితో పోతుంది. అది అందరికీ వచ్చేదే. ఇంత కాలం ఉండదు.

నేను మీ నాన్నని బోనెక్కించట్లేదు. ఆ రోజుల్లో మా బంధువుల బ్యారన్ల దగ్గరా బడిపిల్లలే ఉండేవాళ్ళు. సెలవు రోజున కర్రకి ఇంత అని ఆకు కట్టడానికి ఆడపిల్లలు గుంపుగా పోయేవాళ్ళు, నేనూ సరదాకి కూచున్నా. నాకు సరదా, పక్కనున్న పిల్లకి ఆ రోజు కూలి. ఆ తేడా నాకప్పుడు తట్టనే లేదు, నలభై దాటాక తట్టింది. ఊరందరూ చేసిందే అన్న మాట నిజమే, అయినా అది నీ ఏడుపుని ఆపదు. మీ ఆయనకి ఈ బ్యారన్ సంగతి చెప్పావా? చెప్పకపోతే ఆయనకి ఎట్లా అర్థమవుతుంది? "మాట్లాడని మనిషి" కాదు, "నాకు తెలిసీ నేను మాట్లాడని సంగతి" అని చెప్పు. చాలా తేడా ఉంది రెండిటికీ.

ఇప్పుడు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది. వెళ్ళు. కనుమకి ముందే వెళ్ళు. ఎందుకు వెళ్ళమంటున్నానో చెప్పడానికి నా కథ ఒకటి చెప్పాలి.

నేను నెల్లూరులో 1983లో టెన్త్ పాసయ్యాను, ఆడపిల్లల బడి. నా పక్కన కూచునే పిల్ల ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే పచ్చకామెర్లతో పోయింది. అప్పుడు నేను ఊళ్ళో లేను. తర్వాత పోదాం పోదాం అనుకుంటూ పదేళ్ళు గడిపేశాను, మనం ఆలస్యం చేసేకొద్దీ ఇంకా మొహం చెల్లదు కదా. చివరికి ఒకరోజు సంతపేటలో వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ వసారాలో కూచుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. నేను అందరూ చెప్పేవే చెప్పాను. చాలా మంచి పిల్లండీ, అందరితో కలిసిపోయేదండీ, ఇప్పటికీ మేమంతా తల్చుకుంటామండీ. ఆవిడ "ఊ" అంటోంది, రాళ్ళు ఏరుకుంటోంది. తల ఎత్తట్లేదు. నాకు ఇక చెప్పడానికేం మిగల్లేదు. ఆ కంగారులో నోరు జారి, తొమ్మిదో తరగతిలో మేమిద్దరం కుట్టు పీరియడ్ ఎగ్గొట్టి మ్యాట్నీకి పోయామని, హాల్లో కుర్చీ కింద చెప్పులు వదిలి కూచుంటే సినిమా అయ్యేసరికి దాని చెప్పులు ఎవరో కొట్టేశారని, ట్రంకు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎగురుకుంటూ నడిచిందని చెప్పేశాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసి, "రంగనాయకస్వామి గుళ్ళో పోయాయని చెప్పింది నాతో!" అంది. నవ్విందబ్బా ఆవిడ. చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేట్టు నవ్వింది. "స్వామి దగ్గర పోతే పుణ్యమేలే అని కొత్త జత కొనిపెట్టాను దానికి" అంది. ఆ తర్వాత "ఇంకేం చేసేది?" అని అడిగింది. నేను దీపాలు పెట్టే వేళ దాకా కూచున్నాను.

ఆవిడకి కూతురు మంచిదని నేను చెప్పాలా? పదేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళూ అదే చెప్పుంటారు. ఆవిడకి తెలియనిది, బడి గేటు లోపల తన పిల్ల ఎట్లా ఉండేదో అది. అది మన దగ్గరే ఉంటుంది. మనం పోతే అదీ పోతుంది.

కాబట్టి వెళ్ళే ముందు కూచుని గుర్తు తెచ్చుకో. మంచివాడు, కష్టజీవి అని కాదు. గంట దేంతో చేసింది, రైలు పట్టా ముక్కా, ఏ చెట్టుకి వేలాడేది, దేంతో కొట్టేవాడు? ఒంటిపూట బళ్ళప్పుడు చివరి గంట రెండు నిమిషాలు ముందు కొట్టేవాడా? (గంట చేతిలో ఉన్న ఏ పిల్లోడైనా కొట్టి ఉంటాడు.) టెన్త్ పరీక్ష ఫీజు కట్టేటప్పుడు నామినల్ రోల్స్ కోసం పుట్టుమచ్చలు రాసుకునే రోజు గుర్తుందా, ఒక్కొక్కరినీ లేపి "రెండు మచ్చలు చూపించు" అని అడిగితే, కొందరికి ఎంత వెతికినా ఒకటే దొరికేది, సారు విసుగొచ్చి ఏ దెబ్బ మచ్చో చూసి రాసేసుకునేవాడు? ఆ రాత ఇప్పటికీ మన టెన్త్ సర్టిఫికెట్లలో ఉంటుంది. గంటోడికి ఎక్కడ దొరికిందో క్లాసంతా చూసే ఉంటారు. ఇట్లాంటివి. నీకు గుర్తు రాకపోతే అతని బెంచీలో కూచున్న మగపిల్లలకి ఫోన్ చెయ్యి. గ్రూపులో అడక్కు, అక్కడ అడిగితే మళ్ళీ చేతులు జోడించే బొమ్మలొస్తాయి.

బ్యారన్ సంగతి కూడా చెప్పాలా అంటే, చెప్పాలి. కానీ ఎట్లా చెబుతావన్నది ముఖ్యం. "రాత్రంతా మా బ్యారన్ దగ్గర మేలుకుని పొద్దున బడికొచ్చేవాడమ్మా, నాకు తెలుసు, సారు కొట్టినప్పుడు నేను నోరు తెరవలేదు." అంతే. అక్కడ ఆపు. నన్ను క్షమించమ్మా అని కాళ్ళ మీద పడొద్దు. కొడుకు పోయిన తల్లి లేచి నీకు మంచినీళ్ళు తెచ్చి ఊరుకోబెట్టే పరిస్థితి తేవద్దు. మనం బరువు దించుకోడానికి పోయి ఆవిడ నెత్తిన పెట్టి రాకూడదు. ఆవిడ ఏమంటుందో నేను చెప్పలేను. "మీ నాన్న ఇచ్చిన డబ్బుల్తోనే పరీక్ష ఫీజు కట్టామమ్మా" అనొచ్చు. బ్యారన్ పొయ్యిలో చిలగడదుంపలు కాల్చుకుని ఇంటికి కూడా తెచ్చేవాడని (మా నెల్లూరోళ్ళకి గెనుసుగడ్డలు) మురిసిపోవచ్చు. నీకు తెలియని కోపం బయటికి రావొచ్చు. ఏమీ అనకుండా రోడ్డు వైపు చూస్తూ కూచోవచ్చు. ఏదొచ్చినా విను.

ఇంకోటి. మీ నాన్న ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే, ఊరెళ్ళగానే ముందు ఆయనతో మాట్లాడు. నిలదీయడానికి కాదు. రాత్రికి ఎంతిచ్చేవాళ్ళు, ఎన్ని సీజన్లు చేశాడు, ఎట్లాంటి పిల్లోడు అని అడుగు. ఆలోచించు, ఆ చలి రాత్రుల్లో బ్యారన్ పొయ్యి దగ్గర అతనితో కూచుని మాట్లాడింది మీ 61 మందిలో ఎవరూ కాదు, మీ నాన్నే. నీకంటే ఆయనకే ఎక్కువ తెలిసుండొచ్చు. ఆయన కూడా వస్తానంటే తీసుకెళ్ళు. రానంటే బలవంతం చెయ్యకు, డెబ్భై దాటిన మగవాళ్ళకి ఇట్లాంటి ఇళ్ళకి పోవడం కొండ ఎక్కడం కంటే కష్టం.

జనం ఏమనుకుంటారో అన్న భయం ఉత్త భయం కాదు, నేను కొట్టిపారెయ్యను. మన ఊళ్ళలో ఆడపిల్లలు మగపిల్లలు ఒకే గదిలో ఐదేళ్ళు చదివి, "పెన్సిలుందా" అని కూడా అడక్కుండా బయటికొచ్చిన బ్యాచ్‌లు మనవి. అట్లాంటిది బెంగళూరు నుంచి ఒక ఆడమనిషి కారు దిగి చచ్చిపోయిన మగాడి ఇంటి ముందు ఏడుస్తుంటే వీధి వీధంతా అరుగుల మీదకొస్తుంది. అందుకని ఒక్కదానివే పోవద్దు. మీ బ్యాచ్ ఆడవాళ్ళు ఇద్దరు, ఊళ్ళోనే ఉండే మగపిల్లాడు ఒకడు, కుదిరితే మీ ఆయన. పగటి పూట. ముందు ఫోన్ చేసి అడిగి. పెద్దకర్మ ఎప్పుడో అయిపోయింది కాబట్టి రోజులు చూసుకోవక్కర్లేదు, మంగళ శుక్రవారాలు మాత్రం తప్పించు, నీకు పట్టింపు లేకపోయినా ఆవిడకి ఉండొచ్చు. పలకరింపుకి పోయిన ఇంట్లో "వెళ్ళొస్తాం" అని చెప్పకూడదంటారు, తెలుసుగా. మూడు నెలలు దాటి పోతున్నావు కాబట్టి నా మటుకు నాకు అది వర్తించదు. ఇంకోసారి వచ్చే ఉద్దేశం ఉంటేనే చెప్పు. లేకపోతే ఉత్తినే అనకు, ముసలాళ్ళు ఎదురుచూస్తారు.

భార్య విషయంలో ఇంకా జాగ్రత్త. ఆమెకి నువ్వెవరో తెలియదు. ఆమె దగ్గర నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఆ ఇంటి మనిషి కంటే ఎక్కువ ఏడవకూడదు. "ఏ లోటూ రానివ్వం, మేమంతా ఉన్నాం" అన్న మాట నోట రానివ్వకు. పదకొండో రోజున అట్లా అన్నవాళ్ళలో ఎంతమంది మళ్ళీ ఫోన్ చేశారో ఆమెకి లెక్క ఉంటుంది.

చెక్కు సంగతికొస్తే, నాకు ఒళ్ళు మండింది, దాచుకోను. ఇంట్లో మనిషి పోయిన ఏడాది పండగే చేసుకోరు కదా, ఆ మొదటి సంక్రాంతికి, కనుమ నాడు, ఊరంతా కొత్తబట్టల్లో ఉంటే, మీరు శాలువాలు కప్పించుకుంటూ సెల్ఫీలు దిగుతుంటే, ఆమెని స్టేజీ ఎక్కించి అట్టముక్క మీద రాసిన పెద్ద చెక్కు చేతికిచ్చి ఫోటో తీస్తారా? ఆ పిల్లలు రేపు ఆ ఫోటో ఎక్కడెక్కడ చూసుకోవాలి? ఇచ్చేది ఆమె బ్యాంకు ఖాతాలో పండక్కి ముందే వేసెయ్యండి. ఎవరెంత ఇచ్చారన్న జాబితా ఆమెకి పంపకండి.

డబ్బు కంటే పనికొచ్చేది ఒకటుంది. మీలో ఎవరైనా ఒకరు చీమకుర్తి పోయి ఆమెతో కూచుని అతని కాయితాలు చూడండి. 57 మందిలో బ్యాంకులోనో సచివాలయంలోనో పనిచేసేవాళ్ళు ఒక్కరైనా ఉండకపోరు. అతని పాస్‌బుక్కులో ఏటా మే నెలాఖర్లో 436 రూపాయలు కోత పడిందేమో చూడండి. పడుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, గుండెపోటుతో పోయినా 2 లక్షలు వస్తుంది, మరణ ధ్రువపత్రంతో ఆ బ్యాంకులోనే క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. చాలామంది ఖాతా తెరిచినప్పుడు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి మర్చిపోతారు, ఇంట్లోవాళ్ళకి తెలియనే తెలియదు. 20 రూపాయల కోత కనబడితే అది ప్రమాద బీమా, ఈ సందర్భంలో రాదు, దానికోసం తిరగొద్దు. లారీ ఓనరు పీఎఫ్ కట్టేవాడేమో అడగండి. కట్టుంటే భార్యకి పింఛనూ, దాంతోపాటు ఉండే బీమా సొమ్మూ వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం భర్త పోయినవాళ్ళకి ఇచ్చే నెలకి 4,000 పింఛనుకి దరఖాస్తు పెట్టారో లేదో సచివాలయంలో కనుక్కోండి. ఆమె ఒక్కతీ పోతే రేపు రమ్మంటారు, పక్కన ఒక మనిషి ఉంటే పని జరుగుతుంది. మన దగ్గర అంతే.

ఇక కనుమ రోజు. హక్కు ఉందా అని అడిగావు. అతని గురించి నిజంగా ఏదైనా తెలిసినవాళ్ళకి ఉంటుంది, నీకు తెలుసు, కాబట్టి ఉంది. రెండు నిమిషాలు మాట్లాడు, గంట గురించి మాట్లాడు, జనాన్ని నవ్వించగలిగితే నవ్వించు. బ్యారన్ మాత్రం అక్కడ ఎత్తకు. మైకులో ఆ మాట చెప్పి నువ్వు కన్నీళ్ళు పెట్టుకుంటే చప్పట్లు పడతాయి, ఎంత గొప్ప మనసో అంటారు. ఆ చప్పట్లు నీకు పడతాయి, అతనికి కాదు. వాళ్ళమ్మకి చెప్పాల్సింది వాళ్ళమ్మకే చెప్పు.

ఐదుగురు పోయారన్నావు, ఒక్కరి గురించే రాశావు. మిగతా నలుగురికీ ఫ్లెక్సీ లేదేం? వాళ్ళు పోయినప్పటికి గ్రూపు లేదు కాబట్టా? వాళ్ళలో ఆడపిల్లలుంటే, పెళ్ళయ్యాక ఎక్కడో పోయుంటారు, అత్తగారి ఊరి పేరు కూడా మీలో ఎవరికీ తెలిసుండదు. ఐదుగురి పేర్లూ చదవండి, ఇంటిపేర్లతో సహా, పుట్టింటి ఇంటిపేరుతో. తర్వాత ఊరుకోండి. ఆ రెండు నిమిషాలూ వెనకాల ఏడుపు పాట పెట్టే ఉత్సాహవంతుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు, సౌండ్ సిస్టం అతనికి అందనివ్వకండి. ఫ్లెక్సీ డబ్బులు దండగ. కనుమ మర్నాడు అది ఎవరో ఒకళ్ళ గొడ్లపాక మీద పరదా అవుతుంది, అతని మొహం మీద వాన పడుతూ ఉంటుంది.

దానికి బదులు, టెన్త్ గ్రూపు ఫోటో నీ దగ్గరుంటే (క్లాస్ ఫస్టువి, ఉండకపోదు) దాన్ని మంచి స్టూడియోలో స్కాన్ చేయించి పెద్దదిగా ప్రింటు వేయించు. ఆ రోజుల్లో ఫోటో కాపీకి విడిగా డబ్బులు కట్టాలి. రాత్రిళ్ళు బ్యారన్ కాసిన పిల్లోడు కట్టాడంటావా? వాళ్ళింట్లో అతని పదిహేనేళ్ళ మొహం ఉండకపోవచ్చు. గ్రూపులో దండేసి పెట్టింది కూడా ఏ లైసెన్సులోంచో తీసిందై ఉంటుంది.

అతని బొమ్మ ఒక్కటే కత్తిరించి పెద్దది చెయ్యొద్దు. 62 మంది ఫోటో మొత్తంగా తీసుకెళ్ళి ఆవిడ చేతికివ్వు. ఎక్కడున్నాడో నువ్వు వేలు పెట్టి చూపించకు, ఆవిడే వెతుక్కుంటుంది, కళ్ళజోడు కావాలంటే లోపల్నుంచి తెచ్చివ్వు. దొరికాక పక్కన ఎవరు, ఈ జడల పిల్ల ఎవరు, ఈ సారు ఇప్పుడెక్కడున్నాడు అని అందర్నీ అడుగుతుంది, అడిగి తీరుతుంది. వరసల వారీగా పేర్లన్నీ ఒక కాయితం మీద ఇప్పుడే రాసిపెట్టుకో, గుర్తులేనివి మాత్రం గ్రూపులో అడిగినా పర్లేదు.